మొదటి రంపం కోసిన అంచు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు చెప్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

బడి లైబ్రరీకి మేము చేసిన పన్నెండు బీరువా తలుపులు తిరిగొచ్చాయి. ఒక్కొక్కటీ రెండు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ. రెండు మిల్లీమీటర్లు ఒక లెక్కా అంటారేమో, పన్నెండు పక్కపక్కన బిగించి చూడండి. చివరి తలుపు ఇమడదు. అంచులకు పొర అతికించి పాలిష్ పెట్టేశాం కాబట్టి చిత్రిక పట్టడానికీ లేదు. కోసింది నేను. హెడ్‌మిస్ట్రెస్ ముందు, పనివాళ్ళందరి ముందు అన్నయ్య, "గీత గియ్యడం రాని చేతికి రంపం ఎందుకు?" అన్నాడు. నేను ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసి ఇంటికి వచ్చేశాను. అది జరిగి ఆరు నెలలు కావస్తోంది. అందులో అయిదు నెలలు అన్నయ్య బతికే ఉన్నాడు. మాట్లాడుకోలేదు. ఒకరోజు ఉదయం పని బల్ల దగ్గరే కూలిపోయాడని ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పోయిన వారం వదిన షెడ్డు తలుపు తీసి, గోడకు ఆనించి గుడ్డ కప్పి ఉన్న నాలుగు షీట్లు చూపించింది. టేకు పొర అతికించిన ప్లైవుడ్. నాలుగింటి మీదా ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పొర. చారలు ఒక షీటు నుంచి ఇంకో షీటులోకి సాగిపోతాయి. అయిదో షీటు లేదు, దొరకదు. తలుపులు మళ్ళీ చెయ్యడానికని అన్నయ్య వాటిని తెప్పించి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. సోమవారానికి తలుపులు ఇవ్వకపోతే బడివాళ్ళు పని వేరేవాళ్ళకి ఇస్తారు. ఇచ్చినా ఇవ్వకపోయినా సోమవారం సాయంత్రం షెడ్డు తాళాలు పక్క షెడ్డు మేస్త్రీకి. వదిన ఆయనకు మాట ఇచ్చేసింది.

"మీ అన్నయ్య ఒప్పుకున్న పని. ఇదొక్కటీ చేసి వెళ్ళు," అంది.

సరేనన్నాను. ఈమధ్య ఎవరేం చెప్పినా సరే అంటున్నాను. కాదనడానికి కూడా కాస్త ఒంట్లో ఏదో ఉండాలి కదా.

ఇక ఇవాళ్టి సంగతి. ఇవాళ శుక్రవారం.

పొద్దున షెడ్డుకు వెళ్ళి గోడకున్న పొడుగు రైలు దింపాను. రైలంటే ఎక్కే రైలు కాదు. ప్లైవుడ్ షీటు మీద పరిచే మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ. దాని మీద కరెంటు రంపాన్ని కూర్చోబెట్టి, కిందికి నొక్కి ముందుకు తోస్తే, ఎనిమిదడుగుల కోత గీసినట్టు వస్తుంది. రావాలి. రైలు వంకరైతే కోతా వంకరే. అందుకని పాత చెక్క మీద రైలు పెట్టి, అంచు వెంట పెన్సిలుతో గీత గీశాను. రైలును ఈ కొస ఆ కొసకు తిప్పి మళ్ళీ అదే గీత మీద గీశాను. వంకర ఉంటే రెండు గీతల మధ్యా నడుము దగ్గర సందు కనబడుతుంది. సందు లేదు. రెండూ ఒకటే గీతయ్యాయి.

రైలు తప్పు కాదన్నమాట. అయితే తప్పు నాదే. ఆరు నెలలుగా లోపల ఎక్కడో, రైలు వంగిందేమోలే అన్న చిన్న ఆశ పెట్టుకుని తిరిగానని అప్పుడే నాకూ తెలిసింది. బాధ కలగాలి కదా, కలగలేదు. రైలు మళ్ళీ గోడకు తగిలించి, చేతులు కడుక్కుని, పనిముట్ల కొట్టుకు బయల్దేరాను. తప్పు రైలుది కాకపోయినా ఆ రైలు మీద చెయ్యి వెయ్యలేననిపించింది. ఇంకోటి కొందామనుకున్నాను.

కొట్టాయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాం. మా నాన్నతో కలిసి పని నేర్చుకున్నాడు. ఊళ్ళో వడ్రంగులంతా ఆయన్ని 'అరమిల్లీ' అంటారు, ఆయన వినకుండా. అరమిల్లీమీటరు తేడా వచ్చినా ఆయనకు అన్నం సహించదు.

నన్ను చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అన్నయ్య గురించి ఏదో అనబోయి మానుకున్నాడు. అందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"రైలు కావాలి బాబాయ్."

"ఎలాంటిది?"

"మంచిది."

"మంచిదంటే? పెళ్ళికొడుకుని అడుగుతున్నావా, రైలు అడుగుతున్నావా? ఏం కొయ్యాలో చెప్పు."

"ఎనిమిదడుగుల షీట్లు. నిలువునా."

బల్ల మీద రెండు పొట్టి రైళ్ళు పెట్టాడు. వాటి పక్కనే, షాపులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చే పొడుగు రైలొకటి దించాడు.

"ఇదిగో. పొట్టివి రెండు జత చేసుకోవచ్చు. కిందనున్న గాడిలో ఈ కడ్డీలు దూర్చి, మరలు బిగిస్తే ఒకటే అవుతాయి. ఆటోలో పడతాయి, మెట్లెక్కుతాయి. కానీ అతుకు దగ్గర ప్రతిసారీ తిన్నటి బద్ద ఆనించి చూసుకోవాలి. బిగించేటప్పుడు వెంట్రుకవాసి అటూ ఇటూ అయిందా, ఎనిమిదడుగుల కొసకి పోయేసరికి నీ కొంప మునుగుతుంది. పొడుగుదానికి ఆ బెడద లేదు. మొయ్యడమే చావు."

"ఎనిమిదడుగులదే లేదా, ఇంత పొడుగెందుకు?"

నాకు తెలియక కాదు. ఆయన మాట్లాడుతుంటే నేను మాట్లాడక్కర్లేదని అడిగాను.

"నీ మొహం! రంపం షీటులోకి దిగకముందే రైలు మీద నిలబడాలి. కోత అయ్యాక కూడా నిలబడాలి. అటు జానెడు, ఇటు జానెడు లేకపోతే మొదట్లోనూ చివర్లోనూ ఊగుతుంది. మీ నాన్న ఉంటే ఈ ప్రశ్నకి చెవి మెలేసేవాడు." ఆగి, నా వంక చూశాడు. "అయినా మీకు మూడు మీటర్లది ఉందిగా. నేనే ఇచ్చాను. దానికేమొచ్చింది?"

"ఏమీ రాలేదు. పొద్దున తిప్పి గీసి చూశాను. తిన్నగానే ఉంది."

"మరి?"

"తిన్నగా ఉంటే తప్పు నాదేగా బాబాయ్. దాన్ని చూడబుద్ధి కావడం లేదు."

ఆయన పొడుగు రైలు అంచు వెంట వేలు నడిపాడు.

"రబ్బరు మార్చలేదా?" అన్నాడు.

"ఏ రబ్బరు?"

"మీ అన్నయ్య పట్టుకెళ్ళాడు కదమ్మా. అంచు పట్టీ. మూడు మీటర్లకి సరిపడా."

ఇక్కడ మీకొకటి చెప్పాలి, లేకపోతే ముందు సంగతి తలకెక్కదు. రైలు అంచు పొడుగునా నల్లటి రబ్బరు పట్టీ అతికించి ఉంటుంది. కొత్త పట్టీ అంచు దాటి కాస్త బయటికి ఉంటుంది. మొదటిసారి రంపం నడిపినప్పుడు ఆ ఎక్కువంతా తెగి రాలిపోతుంది. ఇక అప్పటి నుంచి రబ్బరు అంచు ఎక్కడుందో రంపం కోత సరిగ్గా అక్కడే. పెన్సిల్ గీత మీద ఆ అంచు పెట్టి బిగించి తోసెయ్యడమే, మళ్ళీ కొలిచే పని లేదు. అయితే ఆ అంచు దాన్ని కోసిన రంపానికే చెల్లుతుంది. ఒక్కో రంపం పన్ను, అంటే కోసే పళ్ళచక్రం, రైలుకు ఒక్కో దూరంలో తిరుగుతుంది. ఇంకొకరి రంపం కోసిన అంచును నమ్ముకుని మన రంపం నడిపితే, కోత గీత మీద పడదు.

"అది మా రంపం కోసిన అంచే బాబాయ్. పదకొండేళ్ళుగా ఆ రైలు మీద ఇంకో రంపం ఎక్కలేదు," అన్నాను.

"మీ అన్నయ్యా మొదట ఇలాగే అనుకున్నాడట. తరువాత ఏదో అనుమానమొచ్చి, రైలు ఆటో మీద కట్టించుకుని, రంపం సంచిలో వేసుకుని వచ్చాడు. ఇదిగో, ఈ బల్ల మీదే పెట్టి చూశాం. రబ్బరు అంచుకీ మీ రంపం పన్నుకీ మధ్య రెండు మిల్లీమీటర్లు ఖాళీ. రెండు లేదు, రెండుకి ఓ పిసరు తక్కువ అన్నాను నేను. మామూలుగా అయితే నాతో గంట వాదించేవాడు. ఆ రోజు ఆ స్టూలు మీద కూలబడ్డాడు."

స్టూలు వైపు చూశాను. దాని మీద మేకుల డబ్బా ఉంది.

"ఎవరో పాత పట్టీ పీకేసి, కొత్తది వేసి, వాళ్ళ రంపంతో కోశారని చెప్పాను. ఎవరని అడిగితే నీళ్ళు నమిలాడు. కొత్త పట్టీ కొనుక్కుని వెళ్ళాడు."

"ఎప్పుడు బాబాయ్?"

"మీ తలుపులు తిరిగొచ్చిన వారమే. గురువారం. నాకు సరుకొచ్చే రోజు, అందుకే గుర్తు. ఏం, నీకు చెప్పలేదా?"

తలుపులు తిరిగొచ్చింది మంగళవారం. నన్ను అందరి ముందూ ఆ మాట అన్నది మంగళవారం. తప్పు నాది కాదని అన్నయ్యకు గురువారమే తెలుసు.

ఆ గురువారం రాత్రి నాకు అన్నయ్య ఫోన్ చేశాడు. శుక్రవారం ఒకసారి, ఆదివారం ఒకసారి. మిగిలిన తిట్లు తిట్టడానికే అనుకుని మూడుసార్లూ ఎత్తలేదు. ఆ తరువాత మళ్ళీ చెయ్యలేదు.

"కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగుతావా?" అంటున్నాడు బాబాయ్.

"వద్దు. పొడుగుదే ఇయ్యి బాబాయ్. లేకపోతే పొట్టివి ఇయ్యి. ఏదైనా పరవాలేదు."

"నేనివ్వను. నీ దగ్గరున్న దానికంటే మంచి రైలు నా కొట్లో లేదు. షెడ్డుకి పోయి ఆ పట్టీ ఎక్కడ పెట్టాడో వెతుక్కో," అన్నాడాయన విసుగ్గా. విసుక్కుంటూనే నాకు అటు తిరిగి కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నాడు.

షెడ్డుకు ఎలా తిరిగొచ్చానో అడిగితే చెప్పలేను. నడిచే వచ్చి ఉంటాను.

రైలు దింపి బల్ల మీద పరిచాను. మా రంపాన్ని దాని మీద కూర్చోబెట్టి, కరెంటు పెట్టకుండా పన్ను కిందికి దించి, వంగి చూశాను. పన్నుకీ రబ్బరుకీ మధ్య సందు. స్టీలు స్కేలు దూర్చితే సులువుగా దిగింది, ఇంకోటి కూడా పట్టేలా ఉంది. రబ్బరు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపాను. పదకొండేళ్ళ రబ్బరు గట్టిపడి, బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడ చిట్లి ఉండాలి. ఇది మెత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఛీ, నా కళ్ళేమయ్యాయి ఆ రోజు? నాలుగు షీట్లు, ఒక్కో దానిలో మూడు తలుపులు, ఇదే అంచును గీత మీద పెట్టి కోశానే! అలవాటైన వస్తువును ఎవరు చూస్తారు? కోసిన తలుపు మీద టేపు పెట్టి ఒక్కసారైనా కొలవలేదు. కాబట్టి తప్పు నాది అసలే లేదని కూడా అనను. ఉంది. అన్నయ్య అన్నంత లేదు.

పట్టీ కోసం వెతికాను. పెద్ద అరలో లేదు, బీరువాలో లేదు. బల్ల కింద, నేను ఉలులు పెట్టుకునే సొరుగులో ఉంది. నా ఉలులన్నీ నూనె రాసి వరసగా పెట్టి ఉన్నాయి. నేను వదిలి వెళ్ళినప్పుడు వాటిని అలా వదల్లేదు. వాటి వెనక అట్ట గొట్టం, అందులో చుట్ట చుట్టిన రబ్బరు పట్టీ. గొట్టం మీద అన్నయ్య చేతిరాత. చెక్క మీద గీసే లావు పెన్సిలుతో, కొలతలు రాసుకునే పద్ధతిలో, కింద గీత కొట్టి రాశాడు.

'చెల్లి వచ్చాక వెయ్యాలి.'

రెండుసార్లు చదివాను. షీట్లు ఎందుకు కోయనివ్వలేదో అర్థమైంది. నాకోసం ఆపాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

"టీ తెచ్చాను," అంది వదిన గుమ్మంలోంచి.

రెండు గ్లాసులతో లోపలికి వచ్చి, బల్ల మీద పరిచిన రైలునీ నా చేతిలో గొట్టాన్నీ చూసింది. గ్లాసులు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడింది. టీ పొగలు ఆమె మొహానికి తగులుతున్నాయి.

"ఇదెప్పుడు కొన్నాడో నీకు తెలుసా వదినా?"

"తెలుసు."

"రబ్బరు ఎవరు మార్చారో?"

"పక్క షెడ్డు మేస్త్రీ గారు." గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎన్నాళ్ళ నుంచో నోటి చివర పెట్టుకున్నట్టుంది. "మీ అన్నయ్య కలప కోసం వెళ్ళి రెండు రోజులు లేరు చూడు, అప్పుడు. తన దగ్గర పొట్టివే ఉన్నాయి, ఒక్క పూటకి పొడుగు రైలు ఇమ్మని అడిగితే ఇచ్చాను. ఇనప పట్టీనే కదా, అరుగుతుందా తరుగుతుందా అనుకున్నాను. దానికో రంపం, దీనికో రంపం అని నాకేం తెలుసు అమ్మడూ? ఆయన తిరిగి తెచ్చి గోడకి తగిలించి పోయాడు. మీ అన్నయ్యకి చెప్పడం మర్చిపోయాను."

"తలుపులు తిరిగొచ్చిన రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"అన్నయ్య నన్ను ఆ మాట అంటున్నప్పుడు నువ్వు అక్కడ, ఆ తలుపు పక్కన నిలబడి ఉన్నావు."

"అప్పటికి నాకు తట్టలేదు. ఒట్టు. ఆ రాత్రి నిద్రపట్టక మీ అన్నయ్య, రైలు మీద ఇంకెవరి చెయ్యైనా పడిందా అంటే అప్పుడు గుర్తొచ్చి చెప్పాను. తెల్లారి దాకా నాతో మాట్లాడలేదు."

సరే, అనబోయాను. ఆ మాట అలవాటుగా నాలిక చివరికి వచ్చేసింది కూడా. కానీ వదిన ఇంకా గ్లాసులు పట్టుకునే ఉంది. చెప్పాల్సింది ఇంకా ఉందని ఆ గ్లాసుల్ని చూస్తే తెలిసింది.

"ఇంకేమిటి?" అన్నాను.

"ఆదివారం నీ దగ్గరికి వస్తానని చొక్కా వేసుకున్నారు. నువ్వు ఫోను ఎత్తడం లేదని, ఇంటికే పోయి కాళ్ళు పట్టుకుంటానని." అంది వదిన. "నేనే ఆపాను. పెద్దవాడు, చెల్లెలి గుమ్మం ముందు నిలబడితే ఏం బాగుంటుంది, కోపం తగ్గాక తనే వస్తుందిలే అన్నాను. మేస్త్రీ గారికి రైలిచ్చింది నేనని నలుగురికీ తెలుస్తుందనే నా భయం అంతా. నీ పరువు పోతే పోయింది, నాది నిలిచింది. ఆయన చొక్కా విప్పి వంకీకి తగిలించారు. వస్తుందంటావా అని రోజూ అడిగేవారు. వస్తుంది వస్తుంది అనేదాన్ని."

బయట ఎవరో లారీలోంచి చెక్కలు దింపుతున్నారు. ఒక్కొక్కటీ నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తోంది. నేను వాటిని లెక్కపెట్టాను. తొమ్మిది.

"ఏదైనా అను. తిట్టు. ఇలా నిలబడకు," అంది వదిన.

తిట్టాలని నాకూ ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. తిడితే ఆమెనొక్కదాన్నే తిట్టి ఊరుకోగలనా? మూడుసార్లు మోగిన ఫోను నా చేతిలోనే ఉంది కదా.

"గ్లాసులు కింద పెట్టు వదినా, చేతులు కాలుతాయి," అన్నాను. "ఆ కొస పట్టుకో."

మేస్త్రీ వేసిన పట్టీ కొస గోటితో లేపి లాగాను. జిగురు ఇంకా గట్టిగానే ఉంది, చర్రుమంటూ వచ్చింది. అంచంతా స్పిరిట్ పెట్టి తుడిచాను. కొత్త పట్టీ వెనక కాగితం కొంచెం కొంచెంగా తీస్తూ నేను అతికిస్తుంటే, వదిన రెండో కొస తిన్నగా పట్టుకుంది. తరువాత రైలును పనికిరాని చెక్క మీద బిగించి, రంపానికి కరెంటు పెట్టాను. రంపం మీద చెయ్యి వేసి ఆరు నెలలు. ఇవతలి కొస నుంచి అవతలి కొస దాకా ఆపకుండా తోశాను. సన్నటి నల్లని నూలుపోగు లాంటిది రైలు పొడుగునా తెగి నేల మీద పడింది.

పన్ను దించి చూశాను. సందు లేదు. చెక్క మీద గీత గీసి, అంచు పెట్టి, కోసి, ఈసారి టేపు పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. సరిగ్గా ఉంది. నా చేతికి గీత గియ్యడం వచ్చు.

అన్నయ్యకు చూపిద్దామని తల తిప్పాను.

అప్పుడు, అన్నయ్య పోయిన ఇరవయ్యారు రోజుల్లో మొదటిసారి, లేడని తెలిసింది. బల్ల పట్టుకున్నాను.

"రంపం చప్పుడు వినిపించి వచ్చాను!" అన్నారెవరో గుమ్మంలో.

పక్క షెడ్డు మేస్త్రీ. అరవై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు, కనుబొమల నిండా రంపపుపొట్టు. సోమవారం నుంచి ఈ షెడ్డు ఆయనదే. నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"వచ్చావా తల్లీ! మళ్ళీ ఇక్కడ నీ చేతి చప్పుడు వింటాననుకోలేదు. తాళాల సంగతి అట్లా ఉంచు, ఇక్కడ నువ్వు పని చేసుకుంటానంటే నాకంటే సంతోషించేవాడు లేడు." బల్ల మీది రైలు చూసి దగ్గరికి వచ్చాడు. "ఆఁ, ఇదే. అప్పుడు నాకు అక్కరకొచ్చింది. ఒకరి పనిముట్టు వాడుకుని ఊరికే తిరిగిచ్చెయ్యడం నాకు చేతకాదమ్మా. పాత రబ్బరు చిట్లిపోయి ఉందని కొత్తది వేసి, శుభ్రంగా నా రంపంతోనే అంచు కోసి మరీ ఇచ్చాను. మీ అన్నయ్యకి నచ్చిందో లేదో అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఇంతలో ఇలా అయింది. ఏమన్నా అన్నాడా?"

ఆయన వేసిన రబ్బరు పట్టీ నా కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టుకుని పడి ఉంది. ఆయన ఇంకా చూడలేదు. వదిన చూసింది. దాన్ని చూసి, నన్ను చూసి, వద్దన్నట్టు తల కొంచెం, చాలా కొంచెం ఊపింది.

ఈ మనిషికి చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన ఇంకెప్పుడూ రంపం పట్టుకోడు. చెప్పకపోతే, గీత గియ్యడం రాని చెయ్యి నాదేనని బడివాళ్ళు అనుకుంటారు, పనివాళ్ళు అనుకుంటారు, అలాగే ఉండిపోతుంది.

"మేస్త్రీ గారూ, మీ రంపం ఒకసారి తెస్తారా?" అన్నాను. "ఇప్పుడే. ఈ రైలు మీద పెట్టి చూద్దాం."

"దానికేం భాగ్యం!" అంటూ వెనక్కి తిరిగాడాయన.

ఆయన గడప దాటబోతుంటే వదిన పరుగున వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"రంపం అక్కర్లేదు అన్నయ్య గారూ. లోపలికొచ్చి కూర్చోండి," అంది. "ఆ రైలు మీకిచ్చింది నేను. ఆయన ఏమన్నారో నేనే చెప్తాను."